సోనారి నుంచి పర్సుడీహ్ దాకా: ఏడు స్టీలు పళ్లేలు, ఒక లెక్క

1982 ఆగస్టు 7, శనివారం. రెండు పూటల వంట తెల్లవారేలోగానే అయింది. నానబెట్టిన బట్టలు ఉతికి వరండాలో ఆరేశాను, వాన పడుతోంది కాబట్టి ఆరవని తెలిసీ. బొగ్గుల పొయ్యి బూడిద ఎత్తాను. మా ఆయనకి డబ్బా కట్టాను, నాకు వేరే గిన్నెలో పులిహోర పెట్టుకున్నాను. పప్పు ఏరడం మిగిలిపోయింది. ఆరున్నరకి సోనారిలో మా క్వార్టరుకి తాళం వేశాను.

పదిహేనేళ్లుగా ఈ స్టీలు ప్లాంటు ఊళ్లో ఉంటున్నా ఒక్కరోజులో ఊరి ఈ కొస నుంచి ఆ కొసకి ఎప్పుడూ వెళ్లలేదు. కారణం మా మరిది కూతురు రాజేశ్వరి. బిర్సానగర్‌లో ఉంటారు వాళ్లు. పిల్ల అక్కడి తెలుగు బడిలో తొమ్మిదో తరగతికి వచ్చింది. రెండో తరగతి నుంచి ప్రతి ఏడూ క్లాసులో ఫస్టే. పోయిన ఆదివారం మా ఇంటికొచ్చి, బడిలో ఆడపిల్లలందరికీ లెక్కలు తీసేసి గృహశాస్త్రం రాశారనీ, మార్చుకోవాలంటే సోమవారం వరకే గడువనీ చెప్పింది. ఆ పిల్లకి నక్షాలు గీసే పని నేర్చుకోవాలని కోరిక. మా పక్క క్వార్టరులో కమల అని ఒక అమ్మాయి డ్రాయింగ్ ఆఫీసులో పని చేస్తుంది. ఆమె బల్ల మీది పొడుగు స్కేలు చూసినప్పటి నుంచీ రాజీకి అదే ధ్యాస. లెక్కలు లేకపోతే ఆ చదువులో చేర్చుకోరని కమల చెప్పింది. తనకి లెక్కలు నేర్పిన కృష్ణవేణి టీచరు పర్సుడీహ్ సర్కారీ బడిలో తెలుగు సెక్షనులో ఉందని, ఆవిణ్ణి ఒకసారి కలవమని కూడా చెప్పింది.

సోనారి నుంచి సాక్చీకి మినీబస్సు, అరవై పైసలు. విమానాల మైదానం పక్కనుంచి వెళ్తుంటే తడిసిన గడ్డిలో చిన్న విమానమొకటి టార్పాలిన్ కప్పుకుని ఉంది. సాక్చీలో దిగి బిర్సానగర్ టెంపో కోసం నిలబడితే ఇరవై నిమిషాలు పట్టింది. వెళ్లేవారు ఏడుకి ముందే అక్కడ ఉండాలి. ఏడు దాటితే రాత్రి డ్యూటీ దిగినవాళ్లూ పగటి కూలీలూ ఒకేసారి ఎక్కుతారు, ఆడవాళ్లకి చోటు దొరకదు. నేను డ్రైవరు పక్కన ఇరుక్కున్నాను.

"స్కూల్ జానా హై మాజీ? పిల్లల పరీక్షలా?" అన్నాడు డ్రైవరు. సగం హిందీ, సగం తెలుగు. తల్లిది సోంపేటట.

"పరీక్ష కాదు నాయనా, లెక్కలు పెట్టమని అడగడానికి."

అతను నవ్వాడు. "అందరూ లెక్కలు తీసీమని ఎల్తారు. మీరు పెట్టమనడానికేటి!"

బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయింది. గేటు పక్క గోడ మీద మూడేళ్ల ఫలితం పెద్ద అక్షరాలతో రాసి ఉంది: నూటికి నూరు. పెద్ద మేస్టారు మంచి మనిషి. ఇది నేను వెటకారానికి రాయడం లేదు. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించారు. రాజీ పేరు చెప్పగానే ముఖం వెలిగింది.

"బంగారం లాంటి పిల్లమ్మా. దస్తూరీ చూశారా? ముత్యాలు."

"అందుకే వచ్చాను మేస్టారూ. ఆ పిల్లకి లెక్కలు ఉంచండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూడండమ్మా, నేను ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఉన్నాను. మన పిల్లల సంగతి నాకు తెలుసు. ఇళ్లల్లో చెప్పేవాళ్లుండరు. ఒక్క గది, తండ్రి షిఫ్టులు, తల్లికి అక్షరం రాదు. అలాంటి పిల్లల్ని లెక్కల్లో కూర్చోబెట్టి ఫెయిలు చేయించడం పాపం కాదూ? గృహశాస్త్రం అయితే అందరూ గట్టెక్కుతారు. మగపిల్లలకంటారా, ఎలాగూ తండ్రి పేరు మీద ప్లాంటులో ఉద్యోగం వస్తుంది. మెట్రిక్ ఉంటే చాలు."

"మా మరిది ప్లాంటు మనిషి కాదండీ. ఠేకేదారు కింద కాంట్రాక్టు కూలీ. ఆయన పేరు మీద ఎవరికీ ఏమీ రాదు."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. ఇన్నేళ్లలో ఆ సంగతి ఆయనకి తెలిసినట్టు లేదు. "అయితే మరీ జాగ్రత్తగా ఉండాలి కదమ్మా," అన్నారు. "ఒక్కసారి ఫెయిలైతే ఆ పిల్ల మళ్లీ లేవలేదు."

పర్సుడీహ్ టీచరు పేరు నేనే ఎత్తాను. ఆయనకి తెలుసు. "ఆవిడా? ఒక ఏడు అందర్నీ లెక్కల్లో కూర్చోబెట్టింది. సగం మంది పరీక్షలో పోయారు. పెద్ద తరగతులు తీసేసి ఎనిమిది వరకే ఇచ్చారిప్పుడు. కష్టపడే మనిషేననుకోండి. కానీ పిల్లల మీద జాలి లేదు." నేను టీ తాగకుండా లేవడం ఆయనకి నచ్చలేదు. నాకు ఆ జాలి నచ్చలేదు. సోమవారం తండ్రి సంతకంతో వస్తే ఆలోచిస్తామన్నారు. బయటికొస్తుంటే రెండో తరగతి పిల్లలు ఎక్కం అప్పజెప్పుతున్నారు. మేస్టారు కుర్చీలో ఉన్నారు, ఒక పిల్ల ముందు చెబితే మిగతావాళ్లు వెనక అంటున్నారు. చెవికి ఇంపుగానే ఉంది.

మరిది సూర్యం ఇల్లు బడికి పది నిమిషాల నడక, ఎర్ర బురదలో. సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి వచ్చి నిద్రపోతున్నాడు. ఒక్కటే గది. ఆ గదిలో పగలు ఎవరూ పైకి మాట్లాడరు, గిన్నె కూడా గిన్నెకి తగలనివ్వరు. తోటికోడలు సైగలతోనే పలకరించింది. గూట్లో స్టీలు పళ్లేలు ఏడు నిలబెట్టి ఉన్నాయి. మా తెలుగువాళ్ల సంఘం ప్రతి ఉగాదికీ క్లాసు ఫస్టు వచ్చిన పిల్లలకి ఒక పళ్లెం ఇస్తుంది, అంచు మీద పేరూ తరగతీ చెక్కించి. సూర్యం వాటిలో ఎవర్నీ తిననివ్వడు. ఒక్క నాకే, ఇంటికి వెళ్లినప్పుడు, ఐదో తరగతి పళ్లెంలో వడ్డిస్తాడు.

బడి ఒంటిపూట. పదకొండున్నరకి రాజీ వచ్చింది. చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చి, "ఏమన్నారు పెద్దమ్మా?" అంది.

"సోమవారం చూస్తారట. ముందు పర్సుడీహ్ వెళ్దాం. ఆవిడ నీకు లెక్కలొచ్చని ఒక్క మాట చెబితే, మీ మేస్టారి ముందు నాకూ బలం ఉంటుంది."

"నాకు లెక్కల్లో ఎనభై ఎనిమిది, మాలూమ్ హై నా?" అంది నవ్వుతూ.

పర్సుడీహ్ వెళ్లడానికి మళ్లీ సాక్చీ రానక్కరలేదు. బర్మామైన్స్ మీదుగా స్టేషనుకి టెంపో ఉంది, ఇద్దరికీ మూడు రూపాయలు. దారిలో పులిహోర తిన్నాం. స్టేషను దాటాక రైల్వే గేటు పడి ఉంది. ఖనిజం బండి వెళ్తోంది. పెట్టె తరువాత పెట్టె, ఒక్కొక్కటీ ఒక్కొక్క నిట్టూర్పు లాగా. గేటు దగ్గర సైకిళ్లూ కూరల బుట్టలూ తోపుడు బళ్లూ ఆగిపోయాయి. ఈ గేటుకి ఎప్పుడైనా అరగంట అదనంగా వేసుకోవాలి. పిల్ల అంతసేపూ కమల బల్ల గురించే మాట్లాడింది. పెన్సిలు ఎంత సన్నగా చెక్కుతుందో, గీత మీద గీత ఎలా పడుతుందో.

బడి సంత వీధి వెనక ఉంది. గోడకి సున్నం లేదు, ఫలితాలూ రాయలేదు. శనివారం మధ్యాహ్నం బడి ఖాళీగా ఉంటుందనుకున్నాను. వరండాలో ఇరవై మందికి పైగా పిల్లలు కూర్చుని ఉన్నారు. నల్లబల్ల దగ్గర కృష్ణవేణి టీచరు. పొట్టి మనిషి, పమిట నడుముకి దోపుకుని, చేతులనిండా సుద్ద. కమల పేరు చెప్పాను.

"కమల పంపినాదా? కూకోండమ్మా. వీలుంది గానీ ఇది అవ్వనీండి," అంది.

మేం మెట్టు మీద కూర్చున్నాం. ఒక పిల్లవాడు బల్ల మీద లెక్క తప్పు చేశాడు. ఆవిడ చెరపలేదు. "ఇలాగే వచ్చినోళ్లు ఎవులు?" అంది. ఏడెనిమిది చేతులు లేచాయి, సిగ్గుపడకుండా. "సరే. ఎక్కడ దారి తప్పినామో సూద్దాం. గౌరీ, నువ్వు చెప్పు." గౌరి రాదంది. "రాదా? ఇంకా రాలేదా?" అని ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది. ఎవరూ అందించలేదు. నాకే కంగారు పుట్టింది. చాలాసేపటికి గౌరి నోరు తెరిచి సగం చెప్పింది. మిగతా సగం ఇంకొకరిని చెప్పమంది. అందరికీ అర్థమైందో లేదో అడగలేదు. తప్పు చేసిన పిల్లవాణ్ణే పిలిచి, ఇంకో లెక్క ఇచ్చి చేయించింది. అతను చేశాకనే చెరిపింది.

పిల్లలు ఆ వేళ ఇంకా ఎందుకు ఉన్నారని అడిగాను.

"వీళ్లంతా ఈ వారం సీ షిఫ్టు పిల్లలమ్మా. ఇంటి కాడ తండ్రులు పడుకునుంటారు. పైకి సదవకూడదు, లాంతరు పెట్టకూడదు. వచ్చే వారం వీళ్లు ఎల్తారు, వేరేవాళ్లొస్తారు. ఎవులి తండ్రి ఏ షిఫ్టో తెలీకండా హోంవర్కు ఎలగిస్తాం?" తరువాత రాజీ వైపు తిరిగింది. "ఏటమ్మా, ఏ క్లాసు?"

"తొమ్మిది. ఫస్టు ర్యాంకు టీచర్."

"బాగుంది. ఇలా రా. మీ ఇంట్లో పూటకి ముప్పావు కిలో బియ్యం వండుతారు. డబ్బాలో ఐదు కిలోలుంది. ఎన్ని పూటలొస్తాది?"

రాజీ సుద్దముక్క తీసుకుని నిమిషంలో రాసేసింది. ముప్పావుని తిరగేసి, హెచ్చవేసి, ఆరు పూటలూ మూడింట రెండు అని తేల్చి, కింద రెండు గీతలు గీసింది. నిజంగా ముత్యాలే. పిల్లలు కూడా ఆ అక్షరాలు చూసి గుసగుసలాడారు.

"సరే. ఆరు పూటలు వండీసినారు. డబ్బాలో ఎంత మిగిలింది?"

"మూడింట రెండు," అంది రాజీ వెంటనే.

నా చెయ్యి నాకు తెలియకుండానే గాలిలో తవ్వ కొలిచింది. నా ముఖం చూసి టీచరు, "ఏటమ్మా, మీ డబ్బాలో ఎంత మిగుల్తాది?" అంది.

"అర కిలో," అన్నాను.

రాజీ నన్ను చూసింది, బల్లని చూసింది. అరచేత్తో మొత్తం లెక్క చెరిపేసింది.

"ఎందుకు తుడిచీసినావు?"

"తప్పు కదా టీచర్."

"తప్పని నానన్నానా?"

"మీరు అడిగారు కదా."

"అడిగితే తప్పయిపోద్దా! అయితే ఆ ముప్పావు ఎందుకు తిరగేసినావు?"

"మేస్టారు తిరగెయ్యమన్నారు."

"తిరగేస్తే ఏటవుతాది?"

రాజీ సుద్దముక్క వేళ్ల మధ్య తిప్పింది. "పతా నహీ, తెలీదు," అంది చివరికి, నేలకి చెప్పినట్టు. మెట్టు మీద ఒక చిన్న పిల్ల చెయ్యెత్తి, "టీచర్, రెండూ రైటే! నేను చెప్తాను!" అంది. టీచరు వేలు చూపించింది. "నువ్వు చెప్పకు. మూడింట రెండూ రైటే, అరా రైటే. ఎలగో ఈ అమ్మాయే చెప్పాల. ఇది ఆమె నాకు బాకీ."

తరువాత మా ఇద్దర్నీ పక్కకి తీసుకెళ్లి ఉన్న మాట చెప్పింది. పిల్ల చురుకైంది. బల్ల మీద ఉన్నది పొల్లుపోకుండా దింపుతుంది, మేస్టారు ముఖం చూసి జవాబు మారుస్తుంది. ఏడేళ్లుగా దానికే మార్కులు వేశారు. తొమ్మిదిలో లెక్కలు పెట్టించినా మొదటి పరీక్షకే కూలిపోతుంది. "తొమ్మిది నాకివ్వరు. ఎనిమిదిలో నా దగ్గర కూకోమనండి. ఒక ఏడు పోద్ది. సీ షిఫ్టు వారం ఇక్కడే సదువుకోవచ్చు. లెక్కలొచ్చీవరకూ నానొదల్ను."

"మీ పిల్లలు సగం మంది పోయారన్నారు," అన్నాను. నాకు కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియలేదు.

"పోయినారు. నాకు పదో తరగతిలో ఇచ్చినారు, భిన్నాలు రాని పిల్లల్ని. ఒక్క ఏడు చాల్లేదు. అందుకే కింద నుంచి పట్టాల. పోయినోళ్లలో కమల కూడా ఉంది. చెప్పలేదేటి మీకు? రెండోసారికి పాసయింది."

కమల చెప్పలేదు. ఫస్టు ర్యాంకు పిల్లని ఎనిమిదికి దింపమని ఎవరు చెబుతారు, ఎవరు వింటారు. గేటు దగ్గర మళ్లీ బండి అడ్డొచ్చింది. రాజీ ఏడవలేదు. "ఎనభై ఎనిమిది ఎందుకేశారు పెద్దమ్మా?" అని మాత్రం అడిగింది. ఖనిజం పెట్టెలు వెళ్తూనే ఉన్నాయి.

నాలుగున్నరకి బిర్సానగర్ చేరాం. సూర్యం లేచి మంచం మీద కూర్చుని బీడీ వెలిగిస్తున్నాడు. విషయం చెప్పాను.

"ఏటొదినా, నీకు మతి పోయిందేటి? ఫస్టు పిల్లని ఎనక్కి కూకోబెడతామా? సంఘంలో నలుగురూ ఏటనుకుంటారు? ఆ పళ్లేలు సూడు, ఏడు! ఊరికే ఇచ్చినారేటి?"

"ఊరికేనే ఇచ్చారు సూర్యం."

అతను నా మీద అరవబోయి, వయసులో పెద్దదాన్నని ఆగాడు. బీడీ పారేశాడు. తోటికోడలు గుమ్మంలో నిలబడిపోయింది. రాజీ వెళ్లి గూట్లోంచి పోయిన ఏడాది పళ్లెం తీసి, అందులో తండ్రికి అన్నం పెట్టి ముందు ఉంచింది. ఎనిమిదో తరగతి అని చెక్కిన పళ్లెం.

"ఈ క్లాసు నాకు రాదు నాన్నా. మళ్లీ చదువుతాను," అంది.

సూర్యం పళ్లెం ముట్టుకోలేదు. అంచు మీద చెక్కిన పేరు చూస్తూ నన్నే అడిగాడు. "ఆ టీచరమ్మ ఏటన్నాది? పిల్లకి లెక్కలు రావనీసిందా?"

"రావనలేదు. వచ్చేవరకూ వదలనంది."

"వదలనన్నాదా," అన్నాడు. "నా ఠేకేదారు పదేళ్ల బట్టీ ఒకటే మాట. తేరే సే నహీ హోగా, నీ వల్ల కాదు, తట్ట మొయ్యి." అన్నం కలిపి రెండు ముద్దలు తిన్నాడు. "సోమారం ఏ కాగితమ్మీద సంతకమెట్టాలో సెప్పొదినా. షిఫ్టు దిగి తిన్నగా వత్తాను."

ఏడు గంటలకి ముందే సోనారి చేరాను. మొత్తం ఖర్చు, సంతలో కొన్న వంకాయలతో కలిపి, తొమ్మిది రూపాయల పావలా. బట్టలు ఆరలేదు.

ఈ ప్రయాణం తరువాత జరిగినవి మంచివేమీ కావు. సోమవారం పెద్ద మేస్టారు టీసీ ఇస్తూ నిజంగానే బాధపడ్డారు, పిల్ల జీవితం పాడు చేస్తున్నామని. బిర్సానగర్ వీధుల్లో ఫస్టు పిల్ల ఫెయిలైందని పుకారు లేచింది. "గాలి తీసీసినారు కదా" అని తోటికోడల్ని కుళాయి దగ్గర ఒకావిడ ఎగతాళి చేసింది. ఇంకో అమ్మాయి ఫస్టు అవుతుంది, ఉగాదికి ఎనిమిదో పళ్లెం ఆ ఇంటికి వెళ్తుంది, అందరం చప్పట్లు కొడతాం. గోడ మీద నూటికి నూరు మళ్లీ రాస్తారు. అబద్ధం కాదది. ఏమీ అడగని చోట అందరూ పాసవుతారు. మన పిల్లలకి ఇంతకంటే రాదని ప్రేమగా చెప్పేవాళ్లని ఎదిరించడం కష్టం. వాళ్లు టీ ఇస్తారు, పళ్లెం ఇస్తారు, తల నిమురుతారు. ఆ ప్రేమ ఖరీదు పిల్లకి పద్నాలుగేళ్లప్పుడు ఒక్కసారిగా తెలుస్తుంది. కృష్ణవేణి టీచరుకి ఈ ఏడు కూడా పెద్ద తరగతులు ఇవ్వలేదు. ఫలితాలు పాడు చేస్తుందట.

పిల్లల బడి కోసం ఊరు తిరగదలచినవారికి ఒక్క సలహా. గోడ మీది ఫలితం చూసి వెనక్కి రావద్దు. శనివారం ఒంటిపూట అయ్యాక వెళ్లండి, స్టేషను గేటుకి అరగంట వేసుకుని. ఆ వేళప్పుడు వరండాలో ఎవరైనా కూర్చుని ఉన్నారా చూడండి. ఉంటే, ఒక పిల్లని పిలిచి, ఆ లెక్క ఎందుకలా చేసిందో అడగండి.

చివరిగా ఒకటి. అక్టోబరులో ఒక ఆదివారం రాజీ మా ఇంటికొచ్చింది. వంటింట్లోకి వెళ్లి బియ్యం డబ్బా దించి, ఐదు కిలోలు తూచి పోసుకుని, ముప్పావు చొప్పున ఆరుసార్లు తీసింది. మిగిలిన బియ్యం పావు కిలో కుప్పలు చేసింది. రెండు కుప్పలు వచ్చాయి. "పూటకి ఇలాంటివి మూడు కావాలి పెద్దమ్మా. మన దగ్గర రెండున్నాయి. కిలోలో చూస్తే అర. పూటలో చూస్తే మూడింట రెండు. బియ్యం అవే, దేంతో కొలుస్తున్నామన్నదే వేరు." నేను కావాలని ముఖం చిట్లించి, "అది తప్పేమో," అన్నాను. కుప్పల మీద చెయ్యి అడ్డం పెట్టి, "కాదు," అంది. మర్నాడు బడిలో అదే మాట టీచరుకి చెప్పింది.

కృష్ణవేణి టీచరుకి రాజేశ్వరి బాకీ, ఒక లెక్క. చెల్లు.